వేయకుండా మిగిల్చిన పన్నెండు మార్కులు

కిందటి వారం మనం ఆగింది మా మరదలి కుట్టుషాపు వెనక గదిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, టీవీ ముందు. తమ్ముడు పోయిన ఎనిమిది నెలలకి ఆ టీవీ కింద ఉన్న నల్లపెట్టె మీద దుమ్ము తుడిచారు. తమ్ముడూ, వాడి భార్యా, కూతురూ, వాడితో కలిసి లిఫ్టులు బాగుచేసే స్నేహితుడూ మూడేళ్ళపాటు ఆదివారం ఆదివారం ఆడిన ఆట ఆ పెట్టెలో ఉంది. కత్తులూ మంత్రాలూ మాట్లాడే చెట్లూ ఉన్న లోకమది. నలుగురూ నిలబడితేనే తెరుచుకునే ఒక రాతిద్వారం దగ్గర ఆట ఆగిపోయింది. ఆ నాలుగో చోటులో నన్ను కూర్చోమన్నారు. మూడుసార్లు వద్దన్నాను. నాలుగోసారి మరదలు మాటలేమీ ఖర్చుపెట్టకుండా కంట్రోలర్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

అప్పుడు మేనకోడలు ఒక షరతు పెట్టింది. నేను తయారుచేసే మనిషి అచ్చం వాళ్ళ నాన్న మనిషిలాగే ఉండాలి. అదే ముఖం, అవే అంకెలు. దేనికి ఊపుతున్నానో తెలియకుండానే తల ఊపాను. ప్రశ్న చివరిదాకా చదివాకే జవాబు మొదలుపెట్టండని ముప్పయ్యొక్క ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. ఆ రోజు నేను చదవలేదు.

తమ్ముడి మనిషి పేరు 'మూడో అంతస్తు'. వాడు బాగుచేసే లిఫ్టులన్నీ ఇరుక్కునేది అక్కడేనట. అతన్ని మేనకోడలు ఆటలోని గుడారంలోకి పంపి, పడుకోబెట్టి, తెర దించింది. ఒకరు గుడారంలోకి వెళితే తప్ప కొత్తవారికి చోటు దొరకదు. ఆ తర్వాత తెర మీద ముఖం లేని ఒక మట్టి రంగు బొమ్మ వచ్చి నిలబడింది.

"ఇదిగో, ఇతనే మన మనిషి. ముందు దవడ," అంది మేనకోడలు.

ఆమె దంతవైద్యుల కోసం కట్టుడు పళ్ళు చేస్తుంది. ఎవరిని చూసినా ఆమె కళ్ళు ముందు దవడ మీదికే పోతాయి.

"కిందికి జరుపు అత్తా. ఇంకొంచెం. అయ్యో, అంత కాదు, గుర్రంలా అయ్యాడు. నాన్నకి కింది పలువరస కాస్త లోపలికి ఉండేది."

"భుజాలు పద్దెనిమిది అంగుళాలు," అంది మరదలు టీ గ్లాసులు దించుతూ. "కుడిది అరంగుళం కిందికి. లిఫ్టు పనిముట్ల సంచీ మోసీ మోసీ అలా అయింది."

రెండు భుజాలకీ కలిపి ఒకటే మీట ఉంది. ఎటు జరిపితే రెండూ అటే పోతున్నాయి.

"ఇదేం ఆట?" అంది మరదలు. "ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాను. రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషి ఇంతవరకూ ఒక్కరూ నా షాపు మెట్లెక్కలేదు."

"మీసం మరిచిపోయారు," అన్నాడు తూకంరాయి.

తూకంరాయి అంటే తమ్ముడి స్నేహితుడు. కొత్త లిఫ్టు బిగించాక బరువు మోస్తుందో లేదో చూడటానికి ఇసుక బస్తాలు ఎక్కిస్తారు. బస్తాలు చాలనప్పుడు తమ్ముడు ఈయన్ని ఎక్కించేవాడు. పేరు అక్కడ పుట్టింది. ఆయన కూర్చుంటే సోఫా రెండో చివర లేస్తుంది కాబట్టి పేరును ఎవరూ తప్పుపట్టలేదు.

"నాన్నకి మీసం ఎప్పుడుంది బాబాయ్?"

"నా పెళ్ళి ఫొటోలో ఉంది."

"అది మీ బావమరిది అన్నయ్యా," అంది మరదలు.

ముక్కు దగ్గర నలుగురం నాలుగు మాటలన్నాం. ఫొటో తెచ్చి పక్కన పెట్టుకున్నా ఒప్పందం కుదరలేదు. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ముక్కు ఉంది. నలభై నిమిషాలు లాగీ, నొక్కీ, పెంచీ, తగ్గించీ చివరికి నలుగురం కాస్త వెనక్కి వాలి చూశాం. తూకంరాయి గొంతు సవరించుకున్నాడు.

"టీచరుగారూ, మీ కళ్ళజోడు ఒక్కసారి తీసి ఇటు తిరగండి."

తీశాను. తిరిగాను.

"ఇంకేం, ఇది వాడు కాదు. చొక్కా వేసుకున్న మీరు!"

ముందు నవ్వింది మరదలు. నోటికి పమిట అడ్డం పెట్టుకుని, కత్తిరింపుల బల్ల మీదికి వాలిపోయి నవ్వింది. సోఫా రెండో చివరన ఉన్న నేను పైకీ కిందికీ ఊగాను కాబట్టి తూకంరాయి కూడా నవ్వుతున్నాడని తెలిసింది. ఆ గదిలో నవ్వు విని చాలా రోజులైంది. ఆ ముఖాన్ని ఇంకేమీ దిద్దవద్దని నేనే అన్నాను. ముక్కు మా ఇద్దరిదీనూ. మా అమ్మ దగ్గర తెచ్చుకున్నది.

మేనకోడలు నవ్వలేదు. "ముఖానిది ఏముందిలే. అంకెలైనా సరిగా పెడదాం," అని జేబులోంచి కాగితం తీసింది. పళ్ళ కొలతలు రాసుకునే చీటీ వెనక వాళ్ళ నాన్న మొదటి రోజు అంకెలు వరసగా రాసుకుని తెచ్చింది. బలం ఏడు, చురుకు ఏడు, ఓర్పు ఏడు, తెలివి ఏడు, మాట నేర్పు ఆరు, అదృష్టం ఆరు.

"మొత్తం నలభై ఇస్తుంది అత్తా. నేను చదువుతాను, నువ్వు నొక్కు."

"నలభై ఒక్కసారి ఇస్తుంది, ఆ తర్వాత చూడండి దీని పిసినారితనం," అన్నాడు తూకంరాయి. "లెవెల్ ఎక్కిన ప్రతిసారీ నాకు మూడంటే మూడే. ఈ పిల్లకి అయిదు!"

"మూడేళ్ళుగా ఇదే ఏడుపు. విలుకత్తెకి అయిదు, గద పట్టేవాళ్ళకి మూడు. అది రూలు బాబాయ్."

"నాకు నాలుగొచ్చేవి. మంత్రగత్తెకి నాలుగేమో మరి," అంది మరదలు.

నేను తెర మీది ఆరు గడులనూ చూస్తున్నాను. అన్నింటిలోనూ సున్నా ఉంది. పైన నలభై. ఇది నాకు తెలిసిన పనే.

"ఈ నలభై మార్కులూ ఇతనికి వేయాలి, అంతేగా?"

"మార్కులు కాదత్తా, పాయింట్లు."

"ఇతను ఇంతవరకూ ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు? ఇప్పుడేగా పుట్టాడు."

"ఏమీ చేయనివాడికి బలంలో ఏడు ఎలా వేస్తాను?"

"అయిపోయింది. పరీక్ష మొదలైంది," అన్నాడు తూకంరాయి టీ గ్లాసు అందుకుంటూ.

మేనకోడలు కాగితం నా ముందు పెట్టింది. గొంతు పెంచలేదు. "మాట ఇచ్చావు. నాన్నలా ఉంటాడన్నావు."

"ముఖం పెట్టుకున్నాను కదమ్మా."

"అది నీ ముఖం."

"అవును. ఈ అంకెలు మాత్రం మీ నాన్నవి. పక్కవాడి పేపరు చూసి రాసినవి నేను ఎవరి దగ్గరా ఒప్పుకోను. నా దగ్గర నేనెలా ఒప్పుకుంటాను?"

"ఇది పరీక్ష కాదత్తా!"

"నాకు వేరే పని రాదే."

మరదలు ఇద్దరివైపూ చూసి, ఎవరి పక్షమూ పట్టకుండా మెడలోని కొలతల టేపు తీసి చుట్ట చుట్టడం మొదలుపెట్టింది. నేను ఒక్కొక్క గడీ దగ్గరికీ వెళ్ళాను. ఓర్పుకి తొమ్మిది వేశాను. నలభై నిమిషాలు ముక్కు పట్టి లాగినా కిమ్మనకుండా నిలబడ్డాడు, తొమ్మిదికి అర్హుడే. తెలివికి ఆరు, చూపును బట్టి. చురుకుకి అయిదు. కత్తి ఇంకా ఎత్తలేదు, పట్టుకుని మాత్రం ఉన్నాడు, అందుకని బలానికి నాలుగు. నోరు విప్పి ఒక్క మాటా అనలేదు, అయినా ఎదురు చెప్పనందుకు మాట నేర్పుకి నాలుగు. అదృష్టానికి సున్నా. అదృష్టానికి మార్కులు వేసిన టీచరును నేను చూడలేదు.

ఇరవై ఎనిమిది అయ్యాయి. పన్నెండు మిగిలాయి. 'ఇంకా పన్నెండు ఉన్నాయి. ఇక్కడితో ఖాయం చేయమంటారా?' అని ఆట అడిగింది. ఈసారి ప్రశ్న చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను. ముందు ముందు అతను చేసే పని చూసి, ఆ పన్నెండూ అప్పుడు వేద్దామనుకున్నాను. ఖాయమని నొక్కాను.

"అత్తా!"

మేనకోడలు లేచి నిలబడింది.

"పోయాయి! పన్నెండూ పోయాయి! మొదట్లో వాడుకోనివి తర్వాత మనకి కలుపుకోవడానికి ఉండదు. ఎవరైనా అలా వదిలేస్తారా?"

"వెనక్కి వెళ్ళడానికి…"

"లేదు."

ఆమె వెళ్ళి ముందు గదిలో మిషను ముందు కూర్చుంది. కాసేపటికి మిషను చప్పుడు వినిపించింది.

"దారం లేకుండా తొక్కుతోంది," అంది మరదలు చెవి అటు పెట్టి. "దాని చిన్నప్పటి అలవాటు. మీరు వెళ్ళండి వదినా. కోపం మీ మీదే కదా, నేను వెళితే నా మీదికి మళ్ళుతుంది."

షట్టరు సగం దించి ఉంది. కింది సగంలోంచి వచ్చిన ఎండ నేల మీది గుడ్డముక్కల మీద పడింది. అంచు వేయాల్సిన బట్టల మూటని పక్కకి జరిపి నేను స్టూలు మీద కూర్చున్నాను. మిషను ఆగలేదు.

"నాన్నని గుడారంలోకి పంపి నీకు చోటిచ్చాను," అంది చక్రం వైపే చూస్తూ. "ఆయన అక్కడ పడుకుని ఉన్నాడు. నువ్వేమో అదృష్టానికి సున్నా వేసి పంపావు."

నేల మీది గుడ్డముక్క ఒకటి తీసి ఒళ్ళో మడత పెట్టుకున్నాను.

"వాడి అంకెలన్నీ పెట్టుకున్నాననుకో. వాడిలా నడవడం నాకు రాదు. అడుగడుగునా తప్పుతాను. తప్పినప్పుడల్లా నాన్న ఇలా చేసేవాడు కాదు అంటావు. అంటావా, అనవా?"

మిషను నెమ్మదించింది. "అంటాను."

"నేను పైకి అనను, లోపల అనుకుంటాను. ప్రతి ఆదివారం ఇద్దరం కూర్చుని వాడిలో తప్పులు పట్టడం నాకిష్టం లేదమ్మా. తప్పులేవో నావే ఉండనీ. నన్ను తిట్టు. నాకు అలవాటే, బళ్ళో నలుగురైదుగురు రోజూ తిడతారు."

ఆమె కాలు తీసేసింది. చక్రం తనంతట తను రెండు చుట్లు తిరిగి ఆగింది.

"నాకు ఆయన్ని చూడాలనుంది, అంతే," అంది.

"నాకూను."

ఆమె ముక్కు తుడుచుకుని, "ఒక్క మార్కయినా వేయాల్సింది అదృష్టానికి," అంది.

"సంపాదించనీ, చూద్దాం."

మేం వెనక్కి వచ్చేసరికి నా మనిషికి పేరు పడిపోయి ఉంది. తెర మీద పెద్ద అక్షరాల్లో: రూళ్ళకర్ర.

"పేరడిగిందండీ," అన్నాడు తూకంరాయి ఎటో చూస్తూ. "మీ తమ్ముడు మిమ్మల్ని అనే పేరు పెట్టాను. మీకు తెలియదేమో…"

"తెలుసు. నాకు తెలియదని వాడు అనుకునేవాడు."

మేనకోడలు తన చోట తను కూర్చుంది. మా నలుగురి మనుషులూ ఒకరి వెనక ఒకరు కొండదారి ఎక్కారు. నేను రెండుసార్లు వాగులో పడ్డాను, ఒకసారి చెట్టుకి గుద్దుకున్నాను. చెట్టు నన్ను తిట్టింది. ఎవరూ 'నాన్న అయితే' అనలేదు. మూడోసారి పడినప్పుడు మేనకోడలి విలుకత్తె వచ్చి చేయి పట్టి లేపింది.

రాతిద్వారం ముందు నేల మీద నాలుగు పలకలున్నాయి. ఒక్కొక్కరం ఒక్కో దాని మీద నిలబడ్డాం. మూడు పలకలు కిందికి దిగాయి. నాది కదలలేదు.

"బరువు చాలలేదు," అన్నాడు తూకంరాయి. ఆట కాకుండా నిజం లిఫ్టు ముందు నిలబడ్డట్టే ముందుకి వంగి చూశాడు. "నాలుగూ ఒక్క మట్టానికి దిగాలి. మేం పదిహేనో లెవెల్లో ఉన్నాం, మీరు ఒకటిలో ఉన్నారు. తేలిపోతున్నారు."

"ఆ పన్నెండూ వేసి ఉంటే…" అని మేనకోడలు మొదలుపెట్టి ఆపుకుంది. "గుండ్రటి బటన్ నొక్కు అత్తా. ఏదైనా సాయం చెబుతుందేమో."

నొక్కాను. తెర మూలన ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. మేనకోడలు ముందుకి జరిగింది.

"ఇదేంటి? ఇది నేనెప్పుడూ చూడలేదు."

'మీ దగ్గర వాడుకోనివి పన్నెండు ఉన్నాయి. తోటివారిలో ఎవరికైనా ఇస్తారా?' అని ఉంది అందులో. వాడుకోకుండా మిగుల్చుకున్నవాళ్ళకి మాత్రమే ఆ కిటికీ కనిపిస్తుందట. ఈ ముగ్గురూ వచ్చిన పాయింట్లను వచ్చిన నిమిషంలోనే ఖర్చుపెట్టేవాళ్ళు కాబట్టి మూడేళ్ళలో దాన్ని చూడలేదు. కిందనే ఇంకో వరస ఉంది: 'ఈ గుంపులో ఇంతవరకు ఇచ్చినవి.'

అది తెరిచాను. పొడవాటి జాబితా. మేనకోడలు పైనుంచి చదివింది.

"లెవెల్ రెండు. ఇచ్చినవారు, మూడో అంతస్తు. విలుకత్తెకి రెండు, మంత్రగత్తెకి ఒకటి. లెవెల్ మూడు. మూడో అంతస్తు. విలుకత్తెకి రెండు, మంత్రగత్తెకి ఒకటి. లెవెల్ నాలుగు…"

అక్కడ ఆగింది. నేను కంట్రోలర్ మీది బాణం నెమ్మదిగా నొక్కుతూ ఉంటే వరసలు ఒకటొకటిగా పైకి జరిగాయి. అన్నీ ఒకటే మాట.

మొదట నోరు తెరిచింది తూకంరాయి. "అయితే అందరికీ మూడేనన్నమాట. రూలు మూడే. పాపం, దీన్ని మూడేళ్ళు పిసినారి ఆటని తిట్టాను." కాస్త ఆగి, "నాకు ఒక్కటీ ఇవ్వలేదు, చూశారా!" అన్నాడు.

"మీకెందుకన్నయ్యా, మీరు తూకంరాయి," అంది మరదలు. ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి. "మరి ఆయనకేం మిగిలింది?"

"ఏం లేదమ్మా. మొదటి రోజు పెట్టుకున్న ఏడులూ ఆరులే. చివరిదాకా అవే." మేనకోడలు తన చేతిలోని చీటీ వైపు చూసుకుంది. "ప్రతి పోరులోనూ ముందు పడిపోయేది నాన్నే. ముసలాయనా, కత్తి బరువుగా ఉందా అని నవ్వేదాన్ని. ప్రతిసారీ నేనే వెళ్ళి లేపాల్సి వచ్చేది."

"లేపావుగా," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. ఒక్క నిమిషం చూసి చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. ఏడవలేదు. ముఖంలో ఏదో సర్దుకుంది. లెక్క తప్పిందని తెలిసిన పిల్ల, సరైన జవాబు తన జవాబు కన్నా బాగుందని ఒప్పుకున్నట్టు.

"నీ పన్నెండు పోలేదన్నమాట అత్తా. నీకు పనికిరావు, మాకు పనికొస్తాయి. ఎవరికిస్తావు?"

"పని చూసి వేస్తాను."

"బాబాయ్, విన్నావా? మనకి మళ్ళీ బడి మొదలు."

మరదలు కొత్తగా టీ పోసింది. అందరం తాగాం. ఆ పది నిమిషాలు ఆ గదిలో ఏ లోటూ లేదని రాస్తే అబద్ధమవుతుంది. కానీ చాలా హాయిగా ఉంది. తమ్ముడు కూడా మా మధ్య కూర్చుని, పట్టుబడిపోయి, తల గోక్కుంటున్నట్టుంది.

గ్లాసు పక్కన పెట్టి కిటికీ మూసేద్దామని బాణం నొక్కితే జాబితా ఇంకో వరస జరిగింది. అది చివరిది. మిగతా వాటిలా లేదు.

'లెవెల్ పదిహేను. ఇచ్చినవారు, మూడో అంతస్తు. మూడు. ఎవరికి: గుంపులోకి కొత్తగా వచ్చేవారికి. తోడుగా ఒక చీటీ. ద్వారం దాటాక తెరుచుకుంటుంది.'

దాని కింద: 'తీసుకుంటారా?'

"ఆ వారం నాకు మూడే వచ్చాయి," అంది మేనకోడలు నెమ్మదిగా. "ఆట పాడైందని నాన్న మీద ఎగిరాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అదే ఆయన ఆడిన చివరి ఆదివారం."

ఆ తర్వాతి మంగళవారం పొద్దున్న వాడు పనికి బయలుదేరుతూ గుమ్మంలో కూలిపోయాడు. గుండె అన్నారు. చెప్పాపెట్టకుండా పోయాడని ఎనిమిది నెలలుగా మేమందరం ఒకరికొకరం చెప్పుకున్నాం. కానీ అప్పటికి గుంపులో నలుగురూ ఉన్నారు. కొత్తవారు రావాలంటే ఎవరో ఒకరు గుడారంలోకి వెళ్ళాలి.

మరదలు నన్ను చూసింది. నేను మేనకోడల్ని చూశాను. ముగ్గురి ముఖాల్లోనూ ఒకటే ప్రశ్న: వాడికి ముందే తెలుసా? సోఫా ఆ చివర మాత్రం కదలిక లేదు. తూకంరాయి ఖాళీ టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, దాని అడుగునే చూస్తూ కూర్చున్నాడు.

"అవునని నొక్కండి టీచరుగారూ," అన్నాడు తల ఎత్తకుండా. "ఆ చీటీలో ఏముందో నాకు తెలుసు. వాడు రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను."